గుహలో పావుగంట

ఈజిప్టులో ఆ ఒక్క రోజు మా చర్చి బృందమంతా పిరమిడ్ల దగ్గర ఒంటెలెక్కడానికి వెళ్తే, నేనూ మా ఆయనా మాత్రం కారు మాట్లాడుకుని ఎడారిలోకి పోయాం. పవిత్ర యాత్రకని ఉప్పుగూడ నుంచి బయలుదేరినవాళ్లం ముప్పై మందిమి. అక్కడ రాళ్లు తప్ప ఏమీ ఉండవని పాస్టరయ్య రెండుసార్లు హెచ్చరించాడు. "రాళ్ల కోసమే పోతున్నం అయ్యగారూ" అన్నాడు మా ఆయన.

తొలి క్రైస్తవ సన్యాసులు ఊళ్లు వదిలి ఒంటరిగా బతికిన గుహలు ఆ ఎడారి కొండల్లో ఉన్నాయి. వాళ్ల తరవాతివాళ్లు కొండల కింద కట్టుకున్న మఠాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మా ఆయన రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసేవాడు. రిటైరైన నెలకే ఫోన్లో ఆ గుహల వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు మనసులో మాట బయటపెట్టాడు. సిటీ బయట ఒక ప్రార్థన గుట్ట ఉందట, దాని మీద రేకుల గదులున్నాయట, అందులో ఒకటి తీసుకుని ఏడాదిపాటు ఒంటరిగా ఉంటాడట. పెళ్లయినవాడికి భార్య సంతకం లేనిదే గది ఇవ్వరట. ఆ కాగితం నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే విమానం ఎక్కాను. ఇంటికి తిరిగి చేరేలోపు సంతకమైనా పెట్టాలి, పెట్టనని తేల్చి అయినా చెప్పాలి. సర్కారు దవాఖానలో నర్సును, పొద్దున లేస్తే సంతకాలే నా పని. ఈ ఒక్క కాగితం మీద మాత్రం చెయ్యి ఆడలేదు.

గుట్టకు పోకముందే ఇంట్లో సాధన మొదలైంది. స్కూటర్ తమ్ముడికి ఇచ్చేశాడు. రెండు షర్టులు ఉంచుకుని మిగతావి పంచేశాడు. చాయ్‌లో చక్కెర మానేసి, మంచం వదిలి చాప మీదికి దిగాడు. చివరికి ఫ్యాన్ కూడా వద్దన్నాడు. సన్యాసం ఆయనది, దోమకాట్లు నావి.

"గరీబుల లెక్క బతకాలె" అనేవాడు.

"గరీబుల ఇండ్లల్ల గూడ ఫ్యాన్ ఉంటదయ్యా, పోయి చూసి రా" అనేదాన్ని.

కారు డ్రైవర్ అక్కడి క్రైస్తవుడు. మణికట్టు మీద చిన్న సిలువ పచ్చబొట్టు ఉంది. నాతో ఇంగ్లిషులో మాట్లాడాడు గానీ మా ఆయన దానికి ఒప్పుకోలేదు. తరాలుగా అరబ్బు సంతతివాళ్లు ఉండే మన బార్కస్‌లో ఆయనకు చిన్నప్పటి దోస్తులున్నారు. వాళ్లతో ఉర్దూ మాట్లాడుతూ తిరిగాడు కాబట్టి అరబ్బీ తనకు సగం వచ్చినట్టేనని ఆయన నమ్మకం. దారి పొడవునా ఒక్కో మాటా విసిరి పరీక్షించాడు. కుర్సీ అంటే డ్రైవర్ తలూపాడు. కితాబ్ అన్నా ఊపాడు, సాబూన్ అన్నా ఊపాడు.

"చూసినవా? అంత మన భాషనే" అన్నాడు నా వైపు తిరిగి.

"కుర్చీ దొరికె, సబ్బు దొరికె, ఇగ మనకేం ఫికర్" అన్నాను.

గంటల తరబడి ఇసుకే. ఆ తరవాత ఒట్టి కొండలు వచ్చాయి, వాటి కింద మట్టిరంగు గోడ, గోడ లోపల ఖర్జూరం చెట్లు కనబడ్డాయి. అదే మఠం. చర్చి బయట చెప్పులు విడవాలన్నారు. "మన చర్చి లెక్కనే" అని మా ఆయన మురిసిపోయి అందరికంటే ముందు విడిచాడు. లోపల పొగచూరిన గోడల మీద పెద్ద పెద్ద కళ్ల పరిశుద్ధుల బొమ్మలున్నాయి. మా చర్చిలో బొమ్మలు ఉండవు. అయినా వాటి ముందు నిలబడితే నాకు హాయిగానే అనిపించింది.

బయటికి వచ్చాక నల్లటి అంగీ వేసుకున్న ఒక ముసలి సన్యాసి మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, సిలువ ముద్ర వేసిన గుండ్రటి రొట్టె, పాలు లేని చాయ్ ఇచ్చాడు. మమ్మల్ని చూసి డ్రైవర్‌ను ఏదో అడిగాడు. ఆ మాటల్లో "గరీబ్" అన్నది మా ఆయన చెవిన పడింది. ఇంకేం, గ్లాసు కింద పెట్టేశాడు.

"నై బాబా, గరీబ్ నై! పెన్షన్ ఆతీ, పెన్షన్!" అని షర్టు జేబు తట్టి చూపించాడు.

గరీబులా బతకాలని నెలల తరబడి నా ప్రాణం తీసిన మనిషి, ఒకరు నిజంగా ఆ మాట అనేసరికి ఓర్చుకోలేకపోయాడు. నాకు నవ్వాగక రొట్టె గొంతులో అడ్డం పడింది. డ్రైవర్ కూడా నవ్వి, నాకు ఇంగ్లిషులో చెప్పాడు. అరబ్బీలో గరీబ్ అంటే పేదవాడు కాదట. పరాయివాడట, ఇల్లు విడిచి ఎవరికీ తెలియని చోటికి వచ్చినవాడట. మీరు వేరే దేశంవాళ్లా అని మాత్రమే బాబా అడిగాడట.

నేను ఆ సంగతి మా ఆయనకు చెబుతుంటే ముసలాయన మళ్లీ ఏదో అన్నాడు. డ్రైవర్ దాన్నీ విడమరిచాడు. ఈ కొండల్లోకి వచ్చిన మొదటివాళ్లు గరీబులు కావడానికే వచ్చారట, వాళ్ల అర్థంలో. పేదరికం ఇంట్లో కూర్చున్నా వస్తుందట. ఎవరికీ ఏమీ కాకుండా పోవడం మాత్రం ఇల్లు విడిస్తేనే వస్తుందట.

మా ఆయన మొహం చిన్నబోయింది. స్కూటరూ షర్టులూ ఇచ్చేసి ఆయన తయారైంది వేరే పరీక్షకు. ఉప్పుగూడ స్టేషన్ నుంచి మా గల్లీ దాకా నడిస్తే "అన్నా, చాయ్ తాగుదాం రా" అని నలుగురైనా ఆపే మనిషి ఆయన.

మఠం వెనక కొండలో ఉన్న గుహకు మెట్లున్నాయి. నా మోకాళ్లు వద్దన్నా ఎక్కాను. గుహ ముఖం అంటే ఒక బండపగులు, మనిషి అడ్డంగా తిరిగితే గానీ దూరలేడు. "గంటదాక పిలువకు" అని మా ఆయన పొట్ట లోపలికి బిగించి దూరిపోయాడు.

నేను బయట బండ మీద కూర్చున్నాను. కింద మఠం, దాని అవతల ఇసుక, చాలా దూరంలో సముద్రం గీతలా కనిపిస్తున్నాయి. గాలి చల్లగా ఉంది. ఒక్కదాన్నే ఉండడం నాకు భయం కాదని అక్కడ తేలిపోయింది. నన్ను వదిలి ఉండాలని ఆయనకు అనిపించడమే నా బాధ, అది దాచుకోను. కానీ ఇన్నేళ్లలో ఆ మనిషి తన కోసం అడిగింది ఇదొక్కటే. ఏడాదే కదా, పోనీ అనుకున్నాను. కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాను. కాస్త ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకున్నాను.

పెన్ను మూత పెట్టేలోపే ఆయన బయటికి వచ్చాడు. వాచీ చూస్తే పావుగంట.

"గప్పుడే గంట అయిందా?"

"లోపట మస్తు చీకటుంది" అన్నాడు. "భయం గాలే. కానీ నేనెవలో ఆడ ఎవ్వలకు తెల్వదు. నేను పిలిస్తె పలికేటోడు లేడు, నన్ను పిలిచేటోడు లేడు. పావుగంటకే పరేషానైన. గుట్ట మీద ఏడాది నాతోని గాదే."

"సంతకం పెట్టిన గదయ్యా ఇప్పుడే!" నాకు నిజంగా ఒళ్లు మండింది. అంత ఏడ్చి పెట్టాను మరి.

ఆయన కాగితం చూడలేదు. పక్క బండ మీద కూర్చుని, చాలాసేపు చెప్పులోని ఇసుక దులుపుకున్నాడు.

"ఒకటి అడుగుత, లొల్లి చెయ్యకు" అన్నాడు చివరికి. "నువ్వు పెండ్లై దేవరకొండకెళ్లి మా ఇంటికి వచ్చినప్పుడు నీకు ఎవ్వలు తెల్వదు గద. నేనేమో డ్యూటీ మీద దినాల కొద్ది లైన్ల మీదనే ఉంటి. నువ్వెట్ల ఉన్నవే?"

ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మ కూడా అడగలేదు. అత్తగారింట్లో తొమ్మిది మంది ఉండేవాళ్లు. దేవరకొండ పిల్ల అనేవాళ్లే గానీ ఏడాదిదాకా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు.

"నల్ల ఇప్పి, కింద బకెట్ పెట్టి ఏడుస్తుంటి" అన్నాను. "సప్పుడు బయటికి ఇనబడకుంట."

"రోజా?"

"రోజు యాడికెళ్లి? నల్లల నీళ్లు దినం తప్పి దినం వస్తుండె గద. వచ్చిన్నాడే ఏడుస్తుంటి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఇన్నేండ్లు చెప్పకపోతివి" అన్నాడు.

"నువ్వు అడగకపోతివి."

"ఇప్పుడు అడుగుతున్న. చెప్పు."

కిందికి చాలా మెట్లున్నాయి. మొదటి మెట్టు మీదే మొదలుపెట్టాను.