గునుగు దొరకని పండుగ

వయ్యారిభామ అని అంత ముద్దుగా పేరు పెట్టినవాళ్లెవరో గాని, ఆ మొక్క వాళ్ల ఒంటికి తగిలి ఉండదు. మా అమ్మకు తగిలింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరు ఆమె చేతులు, మెడ చూసి, ఆ మొక్క పడటం లేదు, దాని గాలికి కూడా దూరంగా ఉండాలన్నాడు. తెలకపల్లి దగ్గర మా ఊళ్లో దానికి దూరంగా ఉండాలంటే తలుపేసుకుని ఇంట్లో కూర్చోవాలి. పొద్దంతా చేన్లో ఉండే మనిషి అదే చేసింది.

నేను పట్టుదలకు పోయాను. చేతులకు కవర్లు తొడుక్కుని ఇంటి చుట్టూ, చేను గెట్ల మీద పీకి పారేశాను. ఒక్క వాన పడగానే మళ్లీ పచ్చగా లేచింది. పక్కవాళ్ల చేను, కాలువ గట్టు నా మాట వింటాయా? ఏ దేశం నుంచో వచ్చిన మొక్క ఇక్కడ కాళ్లు చాపుకుని కూర్చుంది. బతుకమ్మలో పేర్చే ఇక్కడి గునుగు పువ్వేమో కనబడకుండా పోయింది. పత్తిలో, మక్కలో గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక అది మొలిచిందే లేదు. మా చేన్లో కొట్టిందీ ఆ మందే. ఎవరిని తిట్టను?

బతుకమ్మకు ఆటకు పోతానని అమ్మ పట్టుబట్టింది. వద్దంటే అన్నం మీద అలిగింది. ఆడే జాగా చుట్టూ ఆ మొక్కే. చివరికి వాడకట్టు ఆడవాళ్లు, ఈసారి మీ వాకిట్లోనే ఆడతామన్నారు. అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలోంచి గద్వాల చీర తీసి కట్టుకుంది. ఎన్నాళ్లకో ఆమె మొహంలో నవ్వు చూశాను.

సాయంత్రం పెద్ద బతుకమ్మను తెచ్చి అమ్మ ముందే పెట్టారు. తంగేడు, బంతి, మధ్యలో గులాబీ రంగు, నీలం రంగు అద్దిన చిన్న చిన్న పూలు. గునుగు దొరకలేదట. ఆడపిల్లలు కాలువ గట్టున ఏవో తెల్లపూలు తెంపుకొస్తే, ఏటా గునుగుకు అద్దినట్టే వాటికి రంగులు అద్దారట. ఆ రంగు కింద ఏ పువ్వుందో వాళ్లెవరూ చూడలేదు. వానాకాలమంతా ఆ వయ్యారిభామనే పీకినదాన్ని, నాకు తెలియకపోతుందా? అమ్మ కోసం పేర్చిన బతుకమ్మను ఎత్తి అవతల పెట్టమని ఏ నోటితో అనను?

అమ్మ చెవి దగ్గరికి వంగాను. "గవి గునుగుపూలు కావమ్మా."

"నాకు తెల్వదా బిడ్డా? నా ఒళ్లే చెప్తుంది" అంది, మెడ గోక్కుంటూనే. "జర ఊకో. వాళ్లతోని ఏమనకు."

పాట ఎత్తుకున్నారు. అమ్మ లేచి వాళ్లలో కలిసి, వంగి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. నేను లోపలికి పోయి డాక్టరిచ్చిన మందు తెచ్చి పట్టుకుని, పాట ఎప్పుడైపోతుందా అని గుమ్మంలో నిలబడ్డాను.