ఎండబెట్టిన పుండు

షామీర్‌పేట దాటాక ఒక ల్యాబులో నా ఉద్యోగం. పుండ్ల మీద వేసే జెల్ పట్టీలు తయారు చేస్తాం. సముద్రపు నాచు జిగురు, రొయ్యల పొట్టు నుంచి తీసిన పొడి, వాటిలో ఒక ఆకు సారం. గట్టిపడితే పల్చటి జున్నుముక్కలా ఉంటుంది. పుండును తేమగా ఉంచుతుంది, చీము పట్టించే క్రిములను ఎదగనివ్వదు. ఇదంతా అమ్మకు తెలియదు. ఎవరడిగినా "మా బిడ్డ ల్యాబుల జేస్తది" అనేది, అంతే.

అమ్మది రావల్‌కోల్‌లో కూరగాయల సాగు. ఒంట్లో షుగరు. పోయిన వానాకాలం బెండతోటలో తుమ్మముల్లు దిగి, కాలి బొటనవేలి కింద పుండు పడింది. ఎంతకీ మానలేదు. మా పట్టీలను అనుమతులతో రోగులకు వేసి చూస్తున్న ఆసుపత్రికే తీసుకెళ్లాను. మానకపోతే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. పట్టీ ఉబ్బి తెల్లబడుతుంది, భయపడొద్దు, మూడు రోజులు కదపొద్దు అని మరీ మరీ చెప్పాడు. అమ్మ బుద్ధిగా తలూపింది. ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ, పేట్ బషీరాబాద్ నుంచి మేడ్చల్ దాకా దారంతా నేనూ పాఠం చెప్పాను. నాచు, జిగురు, తేమ... చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆదివారం చెప్పకుండా వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చుని, కాలు ఎండలోకి చాపింది అమ్మ. పుండు నిండా పసుపు. పట్టీ పెంటకుప్ప మీద పడి ఉంది.

"ఏందమ్మా గిది! నీకు మతి ఉన్నదా?"

"గట్ల ఒర్రకు బిడ్డా. సీము లెక్క కారుతాంటే తీసేసిన. పుండన్నంక ఆరాలె. తడి మీద తడి పెడితే మురుగదా?"

"మురిగింది నీ తెలివి!"

నెత్తీ నోరూ కొట్టుకుని మళ్లీ కొత్త పట్టీ వేశాను. నేనున్నంతసేపూ ఉంచుకుంది. నేను బండెక్కగానే తీసేసిందట, పక్కింటి అత్త తర్వాత చెప్పింది. వేలు నల్లబడింది. పాదం దక్కాలంటే వేలు తీయక తప్పలేదు.

ఆసుపత్రి మంచం మీద, కట్టు వంక చూస్తూ అడిగింది.

"ఇంతకు గా పట్టిల ఏమేస్తరే?"

"నాచు, రొయ్యల పొట్టు, గాయపాకు..."

"గాయపాకా? మన చేని ఒడ్ల మీద మొలుస్తది, గదేనా? నువ్వు పడొచ్చినప్పుడల్లా మోకాళ్లకు పిండుతుంటి, గా ఆకేనా?"

"గదే అమ్మా."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా అమ్మ నమ్మేది ఆ చెట్టునే. ల్యాబులో ఎప్పుడూ సారం అనే అంటాం, సీసాల మీదా అదే ఉంటుంది. దారంతా వాగిన నా నోటికి ఆ ఆకు పేరు రానేలేదు.

"అయ్యో, ఒక్క మాట జెప్పకపోతివి బిడ్డా," అంది అమ్మ. "గాయపాకని తెలిస్తే తీసి పారేద్దునా?"

నాకు ఏడుపు ఆగలేదు. వేలు పోయింది అమ్మకు. నన్ను దగ్గరకు తీసుకుని తల నిమిరిందీ అమ్మే.