పదకొండు రోజుల అన్నం

నాకు కోపం ఎక్కువ. అది ముక్కు మీదే కూచుంటుందని మా అమ్మ అనేది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాక కూడా అది కిందికి దిగలేదు. మొన్న మహబూబాబాద్‌లో, నేనిప్పుడు ఉంటున్న వీధి చివర బడి గేటు దగ్గర మళ్లీ వచ్చింది. గూడూరు వైపు తండా నుంచి వచ్చే ఏడో తరగతి పిల్లను తోటి పిల్లలు రోజూ ఏదో ఒక పేరు పెట్టి ఏడిపిస్తున్నారట. ఆ పిల్ల నాలుగు రోజులుగా బడికి రావడం లేదు. తల్లి వచ్చి మొత్తుకుంటుంటే, అక్కడి కుర్ర సారు ఫోన్ చూసుకుంటూ, "అన్ని బళ్లల్ల ఉండేదేనమ్మా, పిల్లలు గదా" అన్నాడు.

పిలవని పేరంటానికి వెళ్లినట్టు నేను మధ్యలో దూరాను. అదే మాట పదిహేనేళ్ల క్రితమే మా హెడ్మాస్టరు నోట విన్నాను. ఆ రోజు ఏం జరిగిందో ఆ సారును నిలబెట్టి చెప్పాను. ఇక్కడ రాస్తున్నది అదే. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచడం లేదు.

అప్పుడు నా ఉద్యోగం కాటారం దాటాక ఒక ఊళ్లో, సర్కారు బడిలో. తెలంగాణ ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్న చలికాలం అది. రోజుకో ధర్నా, వారానికి రెండు బందులు. ఎవరి మీదో చెప్పనక్కర్లేదు, దిష్టిబొమ్మ కాలని రోజు లేదు. బొమ్మను ఉత్తగా కాలిస్తే ఎవరికీ తృప్తి ఉండేది కాదు. శవయాత్ర తీయాలి. పాడె కట్టాలి, ముందు ఒకరు నిప్పుకుండ పట్టుకుని నడవాలి, డప్పు మోగాలి, ఆడవాళ్లు శోకాలు పెట్టాలి. ఆ జనంలో నేనూ ఉన్నాను. మన మాటను సినిమాల్లో రౌడీల నోట్లోనూ బఫూన్ల నోట్లోనూ పెట్టి నవ్విన వాళ్ల మీద నాకూ మండేది. వరిగడ్డికి చొక్కా తొడిగితే జారిపోకుండా నడుం దగ్గర తాడు ఎట్లా బిగించాలో మా పదో తరగతి పిల్లలకు చౌరస్తాలో చూపించింది నేనే. లెక్కల టీచర్ కట్టిన బొమ్మ కొలత తప్పదని అందరూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

ఆ పదో తరగతిలో ఇద్దరు ఆడపిల్లల గురించి చెప్పాలి. ఒకతె క్లాస్ లీడర్. చురుకు, నోరు, తెగువ అన్నీ ఉన్న పిల్ల, నాకు ముద్దు. ఆ నెలలోనే వాళ్ల అన్నను ఒక ఊరేగింపులో పోలీసులు లాఠీలతో కొడితే తల పగిలి వరంగల్ దవాఖానలో పడి ఉన్నాడు. రెండో పిల్ల తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి, ఊరికి రెండు మైళ్ల అవతల పొలం కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. ఆ పిల్ల ప్రతి మాటకూ చివర 'అండీ' అనేది. క్లాసంతా వెనకాల 'అండీ, అండీ' అని పాట కట్టేది. నా చెవిన పడింది. ఇన్నేళ్లు వాళ్లు నవ్వారు, నాలుగు రోజులు మనం నవ్వితే ఏం పోతుందిలే అనుకున్నాను.

జనవరి చివర ఒక మధ్యాహ్నం, అన్నం గంట కొట్టాక, గ్రౌండులో కంచాలు వాయిస్తున్న చప్పుడు వినబడింది. వరండాలోకి వచ్చి చూస్తే పిల్లలు శవయాత్ర తీస్తున్నారు. వెదురు పాడె, దాని మీద గడ్డిబొమ్మ, ముందు నిప్పుకుండతో మా క్లాస్ లీడర్. మగపిల్లలు కూడా కొంగు నోట్లో పెట్టుకున్నట్టు నటిస్తూ శోకాలు తీస్తున్నారు. ఎవడో నాయకుడి బొమ్మే అనుకుని నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. అంతలో గాలికి బొమ్మ మీది గుడ్డ లేచింది. అది బడి పిల్లల నీలం చున్నీ. మూలన ఎర్ర దారంతో పూలు కుట్టి ఉన్నాయి. అట్లాంటిది బడి మొత్తంలో ఒక్కటే ఉంది. మెడలో అట్ట మీద ఆ మిరపతోట పిల్ల పేరు రాసి వేలాడదీశారు.

నేను మెట్లు దిగేలోపే నిప్పు పెట్టారు. ఆ పిల్ల స్తంభం పక్కన నిలబడి అంతా చూసింది. ఏడవలేదు. లోపలికి వెళ్లి సంచీ తెచ్చుకుని, మంట పక్కనుంచే గేటు దాటి వెళ్లిపోయింది.

నా కోపం సంగతి మొదటే చెప్పాను. క్లాస్ లీడర్‌ను పిలిచి చెయ్యి చాపమన్నాను. బెత్తంతో రెండు దెబ్బలు గట్టిగా వేశాను. చెయ్యి వెనక్కి తీయలేదు. మూడోది ఎత్తాను.

"మా అన్నను గూడ గిట్లనే కొట్టిండ్రు టీచర్" అంది.

బెత్తం నా చేతిలోనే ఆగిపోయింది. ఆ పిల్ల తప్పు చేసింది, నేను దాని తప్పును పోగొట్టకుండా ఇంకో దెబ్బ కలిపాను, అంతే.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్తే ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "అన్ని బళ్లల్ల ఉండేదే మేడం. ఇప్పుడు కదిపినమనుకో, మనల్నే ద్రోహులంటరు. జర సప్పుడు జెయ్యకుండ్రి."

"పదిహేనేండ్ల పోరిని పాడె మీద పండవెడితె తెలంగాణ వస్తదా సార్?" అన్నాను. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పటికి నాకు ఒకటి గట్టిగా తేలింది. పరీక్షలకు రెండు నెలలు కూడా లేవు. ఆ పిల్ల మా బడి నుంచే పరీక్ష రాయాలి. రాయించకపోతే నేను ఇక పిల్లల ముందు సుద్దముక్క పట్టుకోకూడదు.

మర్నాడు పొద్దున్నే తోటకు వెళ్లాను. ఆ పిల్ల ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూలీలతో పాటు మిరపకాయలు ఏరుతోంది. తండ్రి మంచం వాల్చాడు, నీళ్లు ఇప్పించాడు. మర్యాదకు ఏమీ లోటు చేయలేదు.

"మీ మీద మాకేం కోపం లేదండీ మేడంగారూ. ఒక్క ఏడు పోతే పోయింది, వచ్చే ఏడు మా ఊళ్లో రాసుకుంటది. పిల్ల శవాన్ని ఊరేగించిన బళ్లోకి పిల్లని ఎట్టా పంపమంటారండీ?"

ఆగిన ఏడు మళ్లీ మొదలు కాని ఆడపిల్లలను నేను ఎందరినో చూశాను. ఆయనకూ తెలుసు. నేను చేలోకి వెళ్లి ఆ పిల్ల పక్కన వంగి నాలుగు కాయలు ఏరాను. "నేను గూడ నవ్విన బిడ్డా. నీ చున్నీ అని తెల్వక నవ్విన" అన్నాను.

"చూశానండీ" అంది. తలెత్తలేదు.

తిరిగి వచ్చే దారంతా ఆ ఒక్క మాటే నా వెంట వచ్చింది. బస్సులో కూచున్నాక మా జనగామ గుర్తుకొచ్చింది. మాది సైకిళ్లు బాగుచేసే ఇల్లు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఆరో తరగతిలో మా పక్కింటి పిల్ల నేను టిఫిన్ డబ్బా తీస్తే ముక్కు మూసుకునేది. క్రికెట్ మ్యాచ్ అయిన మర్నాడు నా బల్ల మీద సుద్దతో 'పాకిస్తాన్' అని రాసి ఉండేది. ప్రతిసారీ తుడిచి కూచునేదాన్ని. ఆ ఏడే మా దాదీ చనిపోయింది. మరణం జరిగిన ఇంట్లో మేము మూడు రోజులు పొయ్యి వెలిగించం, ఇరుగుపొరుగు వాళ్లే అన్నం పంపుతారు. రెండో రోజు పక్కింటి ఆమె అన్నం, పప్పు తెచ్చింది. అన్నం గిన్నె ఆ పిల్ల చేతిలో ఉంది. మా అమ్మ ఆ గిన్నె అందుకుని, వాళ్లమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ పిల్ల గుడ్లప్పగించి చూసింది. ఆ తర్వాత నా బల్ల మీద సుద్ద రాత కనబడలేదు. మేం స్నేహితులమేమీ కాలేదు. నా డబ్బా నేను తినేదాన్ని, తన డబ్బా తను తినేది. నాకు అంతే కావాలి.

శవం లేచిన ఇంటికి అన్నం పంపడం మా ఇళ్లల్లో ఉంది, ఇక్కడి హిందువుల ఇళ్లల్లో ఉంది, గుంటూరోళ్ల ఇళ్లల్లోనూ ఉంది. బస్సు దిగేసరికి ఏం చేయాలో నాకు తెలిసిపోయింది.

క్లాసులో తలుపు వేసి అడిగాను. "నిన్న ఎవలింట్ల శవాన్ని లేపిండ్రు?"

చివరికి క్లాస్ లీడరే లేచింది. "గది ఉత్తుత్తిదే టీచర్."

"చున్నీ ఉత్తుత్తిదేనా? నిప్పు ఉత్తుత్తిదేనా? శవం లేసిన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. కుండ పట్టినవు, నడిమిట్ల ఇడిసిపెట్టి పోతవా? గా ఇంటికి అన్నం ఎవలు కొంచవోవాలె?"

పిల్లల ముఖాల్లో రంగు మారింది. చావుతో ఆట ఆడామన్న సంగతి అప్పుడు తగిలింది వాళ్లకు. లీడర్ మాత్రం మొండికేసింది. "ఆంధ్రోళ్లకు నేను అన్నం వొయ్య" అని కూచుంది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ అప్పుడే దవాఖాన నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. జరిగింది విని కూతురి వైపు తిరిగింది.

"నా కొడుకు తలకాయ వలగ్గొట్టింది గా పోరి నాయినానే?" అని అడిగింది.

కూతురు తల అడ్డంగా ఊపింది.

"మరి ఆళ్ల పొయ్యెందుకు ఆర్పినవే? నేను రోజు దవాఖానల కూసోని ఏం మొక్కుతున్ననో ఎరుకనా? ఏ తల్లి బిడ్డకు గిట్ల గావద్దని." ఆమె లేచి బియ్యం చేటలో పోసుకుంది.

మర్నాడు పొద్దున స్టీలు టిఫిన్‌లో అన్నం, టమాట పప్పుతో క్లాస్ లీడర్ ముందు నడిచింది, నేను వెనక. తోట గుడిసె ముందు ఆ పిల్ల, వాళ్లమ్మ నిలబడ్డారు. లీడర్ డబ్బా చాపింది. నేను నేర్పిన మాటలన్నీ మర్చిపోయింది.

"నేను కుండ పట్టిన. అందుకే అన్నం తెచ్చిన. మూడొద్దులు తెస్త" అంది.

వాళ్లమ్మకు ఏం అర్థమైందో, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ పిల్ల మాత్రం డబ్బా వైపు, లీడర్ వైపు మార్చి మార్చి చూసింది. ముక్కుకు కట్టిన తువ్వాలు కిందికి లాగింది.

"మూడు కాదు. పదకొండు. పెద్దదినం దాకా మైల ఉంటది. అప్పటిదాకా నువ్వే తేవాలి, ఇంకొకళ్ల చేత పంపితే తీసుకోను. పదకొండో రోజు బడికి వస్తా."

ఆ మాట చివర 'అండీ' లేదు. నాకు ఈల వేయాలనిపించింది, టీచర్‌ను కదా, ఊరుకున్నాను.

పదకొండు రోజుల్లో మూడు బందులు వచ్చాయి. ఒక రోజు బస్సులే లేవు, ఒక రోజు బడే లేదు. అన్నం మాత్రం ఆగలేదు. లీడర్ పొద్దున్నే తోట దాకా నడిచి వెళ్లేది. మొదట్లో డబ్బా గుమ్మంలో పెట్టి పారిపోయి వచ్చేదట. ఐదో రోజో ఆరో రోజో, పొట్టు తీయని మినప్పప్పు మీ ఇంట్లో ఎట్లా వండుతారని ఆ పిల్ల అడిగిందని నాతో చెప్పింది. ఇంకో రోజు లీడర్ నా లెక్కల నోటుబుక్కు అడిగి తీసుకెళ్లింది, ఎందుకని నేను అడగలేదు. నేను రోజూ హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల పేరు పిలిచి ఆగేదాన్ని. క్లాసంతా కిందికి చూసేది. హెడ్మాస్టరు ఆ పేరు కొట్టెయ్యమన్నాడు, నేను కొట్టెయ్యలేదు.

పదకొండో రోజు ఇద్దరూ కలిసే గేట్లోకి వచ్చారు. మిరపతోట పిల్ల భుజం మీద నీలం చున్నీ ఉంది, కొత్తది కాదు. క్లాస్ లీడర్ భుజం బోడిగా ఉంది. మిరపతోట పిల్ల హాజరు పలికింది. ఎవరూ పాట కట్టలేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ పిల్ల సంచీలోంచి వాళ్లింటి డబ్బా తీసి, మూత తెరిచి లీడర్ ముందుకు జరిపింది.

"మా పొయ్యి వెలిగింది. ఇప్పుడు నువ్వు తిను" అంది.

లీడర్ ఒక ముద్ద పెట్టుకుని బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను వరండాలోకి వచ్చేశాను, నాకూ ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల పరీక్ష రాసింది. లెక్కల్లో లీడర్ కంటే ఎక్కువ తెచ్చుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు రాష్ట్రం కూడా వచ్చింది, నేను వీధిలో అందరితో కలిసి ఆడాను. నా బెత్తం మాత్రం ఆ పదకొండో రోజే ఆ బడి వంటపొయ్యిలోకి పోయింది.

ఇదంతా విన్న కుర్ర సారు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పదకొండో రోజు గూడ ఆ పిల్ల రాకపోతే ఏం జేసెటోళ్లు మేడం?" అని అడిగాడు.

"పన్నెండో రోజు గూడ అన్నం పోతుండె" అన్నాను. తండా పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని, ఆయన బండి వైపు చూపించాను. "తియ్యి సారూ. పిల్ల ఇంటికాడ ఉంది, తండా ఎంత దూరమో సూద్దాం."