ఏది పోయినా మా తాతే

మా తాత అంతటి దొంగ ఏడు సముద్రాల్లోనూ లేడు. మా దీవిలో ఏ వస్తువు పోయినా, పోగొట్టుకున్నవాళ్లు గట్టిగా నోరు తెరిచేలోపే "నేనే తీశాను" అని ఒప్పేసుకునేవాడు.

ఆయనది రేవు పక్కన క్షవరం కొట్టు. గడ్డం గీయించుకుంటున్న పడవ డ్రైవరు "నా ఎడమ చెప్పు కనపడటం లేదు" అన్నాడో లేదో, తాత కత్తి ఆపి తల వంచుకున్నాడు.

"ఒక్క చెప్పేం చేసుకుంటావు బాబాయ్?"

"ముందు ఒక కాలికి అలవాటు చేద్దామనిరా."

పక్కింటావిడ పెనం పోయినా ఆయనే. "పెనంతో నీకేం పని?" అని ఆవిడ నిలదీస్తే, "అద్దం పగిలింది. అందులో మొహం చూసుకుంటున్నాను" అన్నాడు. మాడి మసైపోయిన పెనంలో! దానికి బదులు ఆవిడ మొగుడికి ఊరికే క్షవరం చేశాడు. పాపం, ఆయన తల చాన్నాళ్లు పెనంకన్నా నున్నగా ఉండేది.

నాకు మాత్రం ఒకటే ఆరాటం. ఈ సొత్తంతా ఎక్కడ దాస్తున్నాడు? మంచం కింద దూరాను. సబ్బుల పెట్టె బోర్లించాను. దొరికింది పొడుం డబ్బా ఒక్కటే. తుమ్ములు మిగిలాయి.

ఒక వానపూట లాడ్జి నడిపే అత్తయ్య గునపంతో ఊడిపడింది.

"కుక్కరు మూత పోయింది. ఇది మీ పెరట్లో తిరిగే కొబ్బరి పీత పనే. ఇవాళ దాన్ని చంపి పారేస్తాను!"

కొబ్బరి పీతంటే చేటంత ఉంటుంది. కొబ్బరికాయనే చీల్చేస్తుంది. ఒకప్పుడు దీవి నిండా ఉండేవట. కనపడినదల్లా ఈడ్చుకుపోతున్నాయని జనం కొట్టి చంపగా, ఇప్పుడు ఎక్కడో ఒకటీ అరా మిగిలాయి.

"మూత నేనే తీశాను" అన్నాడు తాత.

"నీకు కుక్కరెక్కడిది?"

"ముందు మూత. కుక్కరు తర్వాత."

సరిగ్గా అప్పుడే పెరట్లోని పుచ్చిన మొద్దు కిందనుంచి పీత బయటికొచ్చింది. పొట్ట కింద గుత్తులుగా గుడ్లు. దాని వెనక బొరియలో కుక్కరు మూత, పెనం, ఎడమ చెప్పు!

అత్తయ్య గునపం ఎత్తింది. తాత గభాల్న పీతకు అడ్డంగా బురదలో చతికిలబడ్డాడు.

"దొంగను నేను. కొడితే నన్ను కొట్టు."

పీత మాత్రం కృతజ్ఞత లేకుండా ఆయన భుజమ్మీది తువ్వాలు పట్టుకుని లాగసాగింది.

"బాబాయ్, నీ తువ్వాలు పోతోంది!"

"అదీ నేనే తీశాను."

అత్తయ్యకు నవ్వాగలేదు. గునపం దించేసింది. "సరే, పీతను గుడ్లు సముద్రంలో వదిలి రానీ. నా మూత మాత్రం తోమి పంపు" అంటూ వెళ్లిపోయింది.

ఇదంతా రాస్తుంటే తాత నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"అసలు దొంగెవరో రాసేశాను తాతా. నీ మీద మచ్చ పోయినట్టే!"

"చెరిపెయ్ వెధవా. దొంగను నేనే."