నీళ్ల కింద శుక్రవారాలు

నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ముప్పై రెండేళ్ల వయసులో, విమానం కిటికీలోంచి. మస్కట్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు ఉద్యోగం దొరికి వెళ్తున్నాను. మాది సుల్తానాబాద్. బాపు రైసుమిల్లులో హమాలీ. అవ్వ అంటాం మేం అమ్మను, ఆమె నాట్లకు, కలుపులకు పోయేది. ఇంటి వెనకనుంచే కాలువ పారేది గానీ, ఆడపిల్లలం అందులో మోకాళ్లు దాటి దిగింది లేదు. ఈత మగపిల్లల పని. అందుకే మస్కట్‌లో మొదటి ఆరేళ్లు సముద్రం పక్కనే ఉన్నా, బట్టలు తడవని దూరంలోనే ఉన్నాను.

మా ఆయన అక్కడే ఎడారిలో, ఒక ఆయిల్ క్యాంపులో ఎలక్ట్రీషియన్. మూడు వారాలకోసారి వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. అక్కడ వారం సెలవు శుక్రవారం, చర్చి కూడా ఆ రోజే. మిగతా శుక్రవారాలు నావి. చర్చి, బట్టలుతుక్కోవడం, అవ్వకు ఫోను, నిద్ర. ఇంతే.

ఒక మధ్యాహ్నం ఒకామె కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని క్లినిక్‌కు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. శ్రీలంక మనిషి. ఎండకు కమిలిన ముఖం, ఉప్పుకు పీచులా అయిపోయిన జుట్టు. లయన్ ఫిష్ ముల్లు దిగిందని చెప్పింది. ఆ చేప వీపు మీద విసనకర్ర విప్పినట్టు ముళ్లుంటాయి, వాటిలో విషం ఉంటుంది. చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. నేను ఇంజక్షన్ తీయబోతుంటే ఆగమని, ముందు ఒక బేసిన్‌లో చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు పొయ్యమంది. డాక్టరు కూడా అదే చెప్పాడు, వేడికి ఆ నొప్పి తగ్గుతుందట. గంటన్నర సేపు నీళ్లు మారుస్తూ ఆమె పక్కనే కూర్చున్నాను.

"చేప ఎందుకు కుట్టింది?" అని అడిగాను. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే.

"అది కుట్టలేదు. రాతి అంచున కదలకుండా ఉంది. నేనే చూసుకోకుండా రాయి పట్టుకున్నాను" అంది.

ఆమె స్కూబా నేర్పుతుంది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగేవాళ్ల గురించి టీవీలో చూడటమే తప్ప, అలాంటి మనిషిని దగ్గరగా చూడటం అదే మొదలు. పుండు మానేదాకా మూడుసార్లు కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. చివరిసారి వచ్చినప్పుడు, ఒక శుక్రవారం రా, నేర్పుతాను అంది. ఈత రాదన్నాను. "ముందు ఈత నేర్పుతాను. ఆ తర్వాత మిగతాది" అంది. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. శుక్రవారం ఖాళీగా ఉంది, అంతే కావచ్చు.

ఈతకే నాలుగు నెలలు పట్టింది. తర్వాత కొలనులో, ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు తొడుక్కుని, కళ్లద్దాల ముసుగు పెట్టుకుని, ముసుగులోకి కావాలని నీళ్లు ఎక్కించుకుని, ముక్కుతో గాలి వదిలి ఆ నీళ్లను బయటికి తోసే పాఠం. మూడుసార్లు దగ్గుతూ పైకి లేచిపోయాను. ఆమె కోప్పడలేదు. నాలుగోసారి కూడా అదే చేయమంది. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటే, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. బిగబట్టి పైకి లేస్తే లోపలి గాలి పెరిగి ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. నర్సును కాబట్టి అది నాకు ఒక్కసారికే ఎక్కింది.

మా ఆయనకు ఫోనులో చెప్పాను.

"నువ్వు నీళ్లల్ల, నేను ఇసుకల. మంచిగనే ఉంది" అన్నాడు. మళ్లీ తనే, "జర పైలం" అన్నాడు.

పగడపు దిబ్బ అంటే ఎర్రగా మెరిసే రాళ్లగుట్ట అనుకున్నాను. సముద్రంలో దిగిన మొదటి రోజు కనిపించింది గోధుమరంగు, బూడిదరంగు ముద్దలు. కొన్ని కాలీఫ్లవర్‌లా, కొన్ని బల్లపరుపుగా. నిరుత్సాహపడ్డాననే చెప్పాలి. దగ్గరికి పోయాక ఆ ముద్ద ఒంటినిండా చిన్న చిన్న నోళ్లున్నాయి. అది రాయి కాదు, ఒకదాన్నొకటి అంటుకుని బతికే ప్రాణులు. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందనుకోవడం కూడా తప్పే. నా ఊపిరి చప్పుడు ఒకటి. దాని వెనక, ఎవరో తడి కంకర నములుతున్నట్టు ఇంకో చప్పుడు. తిరిగి చూస్తే చిలుక చేపలు. పచ్చగా, చిలుక ముక్కులాంటి నోటితో రాతిని కొరికి, దాని మీది నాచు తిని, కాసేపటికి వెనకనుంచి తెల్లటి ఇసుక వదులుతున్నాయి. మనం నడిచే తెల్ల ఇసుకలో చాలా భాగం అలా వచ్చిందేనని ఆమె తర్వాత చెప్పింది.

మలుగును చూసినప్పుడు మాత్రం భయపడ్డాను. తొడ అంత లావు, పాములాంటి చేప. ఒంటినిండా నల్లటి మచ్చలు. రాతి సందులోంచి తల బయటపెట్టి నోరు తెరుస్తోంది, మూస్తోంది, తెరుస్తోంది. కాటు వేయడానికే అనుకున్నాను. కాసేపు చూస్తే, దమ్ము వచ్చిన రోగి ఊపిరి పీల్చే పద్ధతిలా అనిపించింది. లెక్కపెట్టాను, ఒకే తీరుగా ఉంది. అది బెదిరించడం కాదు, ఊపిరి తీసుకోవడం. దాని పళ్ల మధ్య ఒక ఎర్రటి చిన్న రొయ్య అటూ ఇటూ తిరుగుతూ ఇరుక్కున్న తునకలు ఏరుకుంటోంది. మలుగు నోరు మూయబోయే ముందు ఒక్క క్షణం ఆగుతోంది. రొయ్య బయటికి వచ్చాక మూస్తోంది.

ఆ తర్వాతి మూడేళ్లలో ఇలాంటివి చాలా చూశాను. అరచేతిలో పట్టే నారింజరంగు చేప తన గూడు దగ్గరికి వచ్చానని నా ముసుగు అద్దాన్ని తలతో కుమ్మింది. చలికాలంలో, నోటి చుట్టూ చేతులుండే, రంగులు మార్చే కటిల్ ఫిష్‌లు జతకట్టేందుకు వచ్చి, ఒంటి మీద చారలు గోడ మీది నీడల్లా పరుగెడుతుంటే ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి. అవి నాకోసం చేసినవి కావు. నేను వెళ్లకపోయినా అలాగే చేసి ఉండేవి. క్లినిక్‌లో పొద్దంతా "సిస్టర్, సిస్టర్" అని పిలిపించుకునే నాకు అది హాయిగా ఉండేది.

తాబేలు సంగతి ఒక్కటి వేరు.

ఆ రోజు మేమిద్దరమే దిగాం. పదకొండు మీటర్ల లోతులో, తెగిపోయిన చేపల వల ఒకటి పగడాలకు చుట్టుకుని ఉంది. దానిలో ఒక తాబేలు. చిన్న బల్లంత ఉంటుంది. ముందు రెక్క ఒకటి, మెడ వలలో బిగిశాయి. కొట్టుకోవడం మానేసింది. తాబేలు చేప కాదు, పైకి వచ్చి గాలి పీల్చాల్సిందే. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో తెలియదు. ఆమె దాన్ని రెండు వైపులా పట్టుకుని, నా నడుముకున్న కత్తెర వైపు తల ఊపింది. కట్లు కోసే కత్తెరే అది, క్లినిక్‌లో వాడేలాంటిదే. నేను రెక్క దగ్గర మొదలుపెట్టబోయాను. ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపి, వలను రాయికి పట్టి ఉంచిన తాళ్లు చూపించింది. ముందు దాన్ని పైకి పోనివ్వాలి, మిగతాది పైన. నాకు ఎందుకు తట్టలేదో.

నాలుగు తాళ్లు కోశాను. ఐదోది తెగగానే ఇద్దరం దాన్ని పట్టుకుని మెల్లగా లేచాం. పైన అది తల ఎత్తి పెద్దగా గాలి వదిలింది, ముసలివాళ్లు మెట్లెక్కి వదిలినట్టు. మళ్లీ పీల్చింది. పడవ అంచున దాన్ని పట్టుకుని మెడ దగ్గరి దారాలు కోశాను. రెక్క కింద చర్మం తెల్లగా కోసుకుపోయింది. కుట్లు వేయాల్సిన గాయం అని చెయ్యి అలవాటు కొద్దీ అనుకుంది. చివరి దారం తెగాక తాబేలు ఆగలేదు, తిరగలేదు. ఒక్కసారి ఒళ్లు విదిల్చి కిందికి పోయింది. నేను ఏదో ఎదురుచూశాననీ, అది దొరకలేదనీ అప్పుడే తెలిసింది.

పడవ ఎక్కాక ఆమె నా గాలి మీటరు తిప్పి చూపించింది. ముల్లు ఎర్రగీత దగ్గరుంది.

"నువ్వు తాబేలును చూశావు, దీన్ని చూడలేదు. ముందు ఇది. తర్వాతే ఏదైనా" అంది. గొంతు పెంచలేదు. నాలుగు వారాలు నన్ను లోతుకు తీసుకుపోలేదు కూడా.

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా అవ్వకు చెప్పాను. అప్పటికి బాపు పోయి రెండేళ్లు. అవ్వ తమ్ముడి దగ్గర, అదే ఇంట్లో ఉంటోంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"అండ్ల నీకేం పనే?" అంది.

"పనేం లేదవ్వా. ఊకె సూసి వస్త."

"ఊకె సూసెతందుకు గంత లోతుకు పోతవా? సల్లగుంటదా?"

"ఉంటది."

"మా కాళ్లు నాట్లల్ల పొద్దంత నీళ్లల్లనే ఉంటుండె. మాకేం కనిపియ్యకపాయె" అంది. ఇంకో రాయి ఏరి పారేసి, "జలగలు" అంది.

ఆ మరుసటి చలికాలం అవ్వను నెల రోజుల విజిట్ వీసా మీద మస్కట్‌కు తీసుకుపోయాను. తమ్ముడు భయపడ్డాడు గానీ అవ్వ పడలేదు. మొదటి శుక్రవారం చర్చి అయ్యాక, మా ఇంటికి అరగంట దూరంలో రాళ్ల మధ్య చిన్న తీరం ఉంటే అక్కడికి వెళ్లాం. శ్రీలంక ఆమె కూడా వచ్చింది. అవ్వ ఒడ్డున కూర్చుని, నీళ్లు వేలితో తాకి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసింది.

"మీ అమ్మకు ముసుగు పెట్టనా?" అని శ్రీలంక ఆమె నన్ను అడిగింది. వద్దంటుందనుకుని అవ్వకు చెప్పాను.

"తే" అంది అవ్వ.

చీర కుచ్చెళ్లు పైకి దోపి, కొంగు నడుముకు చెక్కి, తొడల లోతు దాకా నడిచింది. అడుగులు ఎత్తి వేయవద్దు, ఇసుక మీద ఈడ్చుకుంటూ నడవాలి, ముళ్ల తోక ఉన్న చేపలు ఇసుకలో పడుకుని ఉంటాయి అని శ్రీలంక ఆమె చెయ్యి పట్టుకుని చూపిస్తుంటే, నేను తెలుగులో చెప్పాను. అవ్వ నవ్వింది. "బురదల గట్లనే నడుస్తరు, ఆమెకు చెప్పు" అంది. ముసుగుతో పాటిచ్చిన గాలి గొట్టం మాత్రం ఒప్పుకోలేదు. నోట్లో పెట్టుకుంటే వాంతికి వస్తోందని ఇచ్చేసింది. ముసుగు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నడుము దగ్గర వంగి ముఖం నీళ్లలో పెట్టింది. వెంటనే ఎత్తింది. మళ్లీ పెట్టింది. ఈసారి కాస్త ఎక్కువసేపు.

నలభై ఏళ్లు నాట్లు వేసిన నడుము అది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఊపిరికి తల ఎత్తుతూ, దించుతూ, ముప్పావు గంట అలాగే వంగి ఉంది. పక్కన వంగలేక నేను రెండుసార్లు ఒడ్డుకు పోయి కూర్చున్నాను. శ్రీలంక ఆమె అవ్వ వెనకే నిలబడింది.

బయటికి వచ్చాక ముఖం మీద ముసుగు అచ్చు గుండ్రంగా పడింది.

"ఏం కనిపించిందవ్వా?"

"జొన్నరొట్టె అసొంటిది ఇసుకలకెళ్లి లేచి పోయింది. గదేనా నువ్వు చెప్పిన ముళ్ల తోకది?"

"గదే."

"సన్నయి నా మడిమలు కొరికినయి. పసుపు, నలుపు గీతలయి నా సుట్టే తిరిగినయి." కొంగు పిండుకుంది. "ఎవల పని వాళ్లు చేసుకుంటున్నరు. గింత మనిషిని పోయి నిలబడ్డ. ఒక్కటన్న పని ఇడిసిపెట్టలే."

రెండోరోజు నాకు డ్యూటీ. అవ్వ మళ్లీ పోతానంది. శ్రీలంక ఆమె కారు తీసుకుని వచ్చి ఎక్కించుకుపోయింది. ఒకరి మాట ఒకరికి రాదు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ చాప మీద కూర్చుని అన్నం తింటున్నారు. ఆమె సింహళంలో ఏదో అంటోంది, అవ్వ తెలుగులో జవాబు చెబుతోంది.

"ఒక రాయిని సూసిన" అంది అవ్వ నాతో. "సూస్తనే ఉన్న. ఆ రాయి నన్ను సూసింది."

"రాయి ఎట్ల సూస్తదవ్వా?"

"దానికి కండ్లున్నయి. అటెన్క రాయిల నుంచి కాళ్లు వచ్చినయి. రంగు మారింది. ఎర్రగయ్యి, సందులకు పోయింది. మొత్తం పోయినంక ఒక్క కాలు మల్లొచ్చి, చిన్న రాయి గుంజుకుని తలుపు ఏసుకున్నది."

నేను శ్రీలంక ఆమెను చూశాను. ఆక్టోపస్, అంది. తొడల లోతు నీళ్లలోనే. నేను అన్ని శుక్రవారాలు దిగినా ఆక్టోపస్ తలుపు వేసుకోవడం చూడలేదు. నాకు కొంచెం కుళ్లుగానే అనిపించింది. అవ్వ మజ్జిగ పోసుకుంది.

వేసవిలో నా కాంట్రాక్టు అయిపోయింది. మా ఆయన క్యాంపు కూడా మూతపడింది. కరీంనగర్ వచ్చి ఒక ఆసుపత్రిలో, డయాలసిస్ వార్డులో చేరాను. అవ్వ కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు సుల్తానాబాద్‌లో. సముద్రం చూసి రెండేళ్లవుతోంది. బాధగా ఉందా అని అడుగుతారు. బాధ అని చెప్పలేను. వార్డులో మిషన్ల చప్పుడు మధ్య కొన్నిసార్లు నా ఊపిరి నాకు వినిపిస్తుంది, అంతే.

మొన్న ఒక ఆదివారం సుల్తానాబాద్ చర్చిలో స్త్రీల కూడిక జరిగితే అవ్వతో పోయాను. ఎవరికైనా సాక్ష్యం ఉంటే చెప్పమన్నారు. రోగం తగ్గడం, కొడుక్కు ఉద్యోగం రావడం, ఇలాంటివి చెప్పే వేళ అది. ఎప్పుడూ లేవని అవ్వ లేచి నిలబడింది. కంకర నమిలే చేపల గురించి నేను చెప్పింది, రొట్టెలా లేచిన చేప, తలుపు వేసుకున్న రాయి, అన్నీ వరసగా చెప్పింది. పాటకు టైమవుతోందని ఒకామె గడియారం చూసుకుంది. అవ్వ ఏ బైబిలు వాక్యమూ ఎత్తలేదు, ప్రార్థన చేయమనీ అడగలేదు. చెప్పాల్సింది అయిపోగానే కూర్చోబోయింది.

పాస్టరమ్మ మెల్లగా అడిగింది. "మంచిగ చెప్పినవ్ అవ్వా. మరి దీంట్ల దేవుడు నీకు చేసిన మేలు ఏంది?"

అవ్వకు ఆ ప్రశ్న అర్థం కానట్టే ఉంది. నా వైపు చూసింది.

"గదే కద ఇప్పటిదాక చెప్పిన" అని కూర్చుంది.