మజ్జిగకు ముందు చెప్పిన లెక్క

పక్కింటివాళ్లు కంద బచ్చలి కూరలో ఆవ కలుపుతున్నట్టున్నారు. ఆ ఘాటు గోడ దాటి వచ్చేసరికి చేతిలోని పిల్లల పరీక్ష కాగితాలు పక్కన పెట్టేశాను. ఇక ఈ పూట పని సాగదు. ఆ వాసన తగిలితే నేను నరసాపురంలో ఉండను. రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టు దగ్గరి ఒక పెంకుటింటి వంటింట్లో, అరిటాకు ముందు కూర్చుని ఉంటాను.

ఆ ఇల్లు కామేశ్వరమ్మగారిది. ఒంటరిగా ఉండే పెద్దావిడ. నేను మామ్మగారు అనేవాణ్ణి. కాలేజీ రోజుల్లో నాకు వారాలు కుదిరాయి, అంటే రోజుకొక ఇంట భోజనం అన్నమాట. గురువారం ఆవిడ ఇల్లు. తక్కిన ఇళ్లలో తల వంచుకుని తినేసి వచ్చేవాణ్ణి. ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు, అయినా సిగ్గుగానే ఉండేది. మామ్మగారింట అలా కుదరదు. అన్నం, కూర, పులుసు అడక్కుండానే వడ్డించేవారు. మజ్జిగ గిన్నె మాత్రం చేతిలో పట్టుకుని ఎదురుగా పీట వేసుకునేవారు.

"ఈవేళ మీ కాలేజీలో ఏం చెప్పారు నాయనా?"

"లెక్కలండి."

"లెక్కలని తెలుసు. ఏం లెక్కలు? నాకు తెలిసేలా చెబితేనే మజ్జిగ."

కాలేజీలో పాఠమంతా ఇంగ్లీషు. అక్కడ బట్టీ పట్టి నెట్టుకొచ్చేవాణ్ణి. ఇక్కడ ఆ పప్పులుడకవు. మామ్మగారికి చదువు రాదు. తెలుగులో మాటలు వెతుక్కుంటూ, తడి వేలితో నేల మీద గీతలు గీస్తూ చెప్పేవాణ్ణి. నేను ఎక్కడ దాటవేసినా అక్కడే ఆపి అడిగేవారు. చెబుతూ ఉండగా, అప్పటిదాకా అది నాకూ అర్థం కాలేదని తెలిసొచ్చేది. కడుపు కాలుతున్నవాడికి అదొక శిక్ష. అయినా గురువారం కోసం ఎదురు చూసేవాణ్ణి.

ఒక గురువారం, నది దాటకుండానే దాని వెడల్పు ఎలా కొలవవచ్చో చెప్పాను. ఇటు గట్టున చిన్న ముక్కోణం గీసి కొలుచుకుంటే, అదే ఆకారంలో నది మీదుగా ఉండే పెద్ద ముక్కోణం కొలతా తెలిసిపోతుందన్నాను. మామ్మగారు మజ్జిగ గిన్నె కింద పెట్టారు.

"మావారు కొవ్వూరులో పోయారు నాయనా. అప్పుడు గోదారి పొంగి పడవలు కట్టేశారు. నేను వెళ్లేలోగా అంతా అయిపోయింది. మళ్లీ ఆ ఒడ్డుకు వెళ్లలేదు. అదెంత దూరమో కొలిచి చెబుతావా?"

మర్నాడు తెల్లవారుతూనే రేవులో కర్రలు పాతాను. నీళ్ల మీద పొగమంచు, నీరెక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని తెలుపు. పొద్దు పొడిచాక అవతలి గట్టున ఒక తాటిచెట్టు మెల్లగా బయటపడింది. మామ్మగారు మెట్టు మీద కూర్చుని దాన్నే చూస్తున్నారు. లెక్క కట్టి, కోసెడు కూడా లేదండి, రెండు మైళ్లలోపే అన్నాను.

"ఇంతేనా," అన్నారు. "నేనింకా చాలా దూరమనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. లెక్కలు చెప్పుకుంటూ బతకాలని ఆ పొద్దున్నే అనిపించింది.

అనిపిస్తే చాలదు కదా. తండ్రి లేని నన్ను పెంచింది మా మేనమామ. మొగల్తూరు దగ్గరున్న తన చేను తాకట్టు పెట్టి నా ఫీజులు కట్టాడు. బి.ఏ. కాగానే తాలూకా కచేరీలో గుమాస్తా పని చూసి ఉంచాడు. జీతం, దానికి తోడు పై రాబడి. కొద్ది పంటల్లో చేను చేతికొస్తుందని ఆయన ఆశ. బడిపంతులు జీతంతో దాన్ని ఎన్నాళ్లకు విడిపిస్తానో తలుచుకుంటే నాకే భయమేసేది. అయినా బడిలో చేరతానని ఆయనకు ఉత్తరం రాశాను. మావయ్య నన్ను తీసుకెళ్లడానికి కాలవ పడవలో వచ్చిన రోజు గురువారమే అయింది. మామ్మగారు మా ఇద్దరికీ ఆకులు వేశారు.

"ఈవేళ మీ మావయ్యకు చెప్పు," అన్నారు మజ్జిగ గిన్నె పట్టుకుని.

ఆ నది లెక్కే చెప్పాను. మావయ్య చెయ్యి ఆకు మీద ఆగిపోయింది.

"మన చేని పక్క కాలవ కూడా ఇలాగే కొలవొచ్చేంట్రా?"

"కొలవొచ్చు మావయ్యా."

ఆయన మామ్మగారి వైపు తిరిగాడు. "బాగానే చెబుతున్నాడండి. కానీ బడిలో చేరితే చేను ఎప్పటికి విడిపిస్తాడు?"

"ఆలస్యంగానే. ఆ బరువు మీరే మొయ్యాలి, కాదని నేననను. కచేరీలో అయితే అప్పు తొందరగా తీరుతుంది. తీరాక లెక్కల్లోకి తిరిగొస్తాడంటారా?"

మావయ్య అన్నం మధ్యలో గుంట చేసుకున్నాడు. "మజ్జిగ పొయ్యండమ్మా," అన్నాడు. రేవులో పడవెక్కుతూ మాత్రం, "బడిలోనే చేరరా. చేను ఎక్కడికీ పారిపోదు," అన్నాడు.

నేను చేను విడిపించేసరికి మావయ్య లేడు. చివరిదాకా తన చేనునే అప్పిచ్చినవాడి దగ్గర కౌలుకు చేసుకున్నాడు. ఒక్కసారి కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. నేను బడిలో చేరిన మరుసటేడు మామ్మగారు పడవెక్కి కొవ్వూరు వెళ్లొచ్చారని తెలిసింది. నా లెక్కల చదువు ఏం తెచ్చింది, ఏం తీసుకుంది అని తూచబోతే, ఒక పక్క ఆ చేను ఉంటుంది, ఇంకో పక్క ఆ పడవ ఉంటుంది. ఎటు మొగ్గుతుందో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

రేపు బడిలో ముక్కోణాలు చెప్పాలి. చెప్పేటప్పుడు నా చూపు వెనక బెంచీ మీదికే పోతుంది. అక్కడ మామ్మగారు మజ్జిగ గిన్నె పట్టుకుని కూర్చున్నట్టుంటుంది. పక్కనే, ఆకు మీద చెయ్యి ఆపి, మావయ్య. ఆయనకు తెలిసేదాకా నేను బోర్డు తుడవను.