చింతపండుతో తోమిన వెండి

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు నల్లగొండలో ఒక పాత బంగళాలో నాకు కాపలా పని దొరికింది. ఆ ఇంటివాళ్లు తమ తాతలు కూడబెట్టిన సామానంతా నాలుగు గదుల్లో పేర్చి జనానికి చూపించేవాళ్లు. నా గదిలో పింగాణీ గిన్నెలు, గోడగడియారాలు, నడుమ మోకాలెత్తు చెక్కపీట మీద ఒక వెండి కొవ్వొత్తి స్టాండు. మూరెడు పొడవు. చుట్టూ ద్రాక్షతీగ, ఆకు ఆకుకూ ఈనెలు, అడుగున మూడు సింహపు పాదాలు. ఎంత ఓపికతో చెక్కాడో మహానుభావుడు! చూసి చూసి నాకు మాత్రం విసుగు పుట్టింది.

పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా దాని పక్కన నిలబడాలి. మాది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగిన ఒళ్లు. మా బాపు నడుము యాభై ఏళ్లకే వంగిపోయింది. నాకు మోకాళ్లు పట్టేశాయి. ఇప్పుడు ఊరికి కృష్ణా నీళ్లు వచ్చాయి, సంతోషమే. కానీ ఎముకల్లో చేరింది మళ్లీ బయటికి పోదు కదా. ఒక కుర్చీ వేయించమని ఇన్‌చార్జి సారును అడిగాను.

"కాపలా మనిషి కూసుంటే ఏం బాగుంటదమ్మా? వచ్చినోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు.

ఆరు నెలలాగి మళ్లీ అడిగితే "చూద్దాం తియ్యి" అన్నాడు. మూడోసారి అడగబుద్ధి కాలేదు. కుర్చీని కూడా అడుక్కోవాలా?

ఒకనాడు సారు తాళంచెవులు నా చేతిలో పెట్టి, "రేపు పట్నం నుంచి పెద్దమనుషులొస్తున్నరు, అంత సాఫ్ జెయ్యి" అని వెళ్లిపోయాడు. గిన్నెలు తుడిచాను, గడియారాలు తుడిచాను. స్టాండు దగ్గరికొస్తే ఆకుల సందుల్లో అంతా నలుపే. మా ఊరి చర్చిలో క్రిస్మస్ ముందురోజు ఇత్తడి స్టాండ్లు తోమే పని మా అవ్వది, అవ్వ తర్వాత నాది. చింతపండు, పొయ్యి బూడిద, కొబ్బరిపీచు. సందులో రవ్వంత నలుపు మిగిలినా "దేవునికి గిట్లనే ఇస్తవానే?" అని అవ్వ నెత్తిన మొట్టేది. నాకు ఆ మొట్టికాయే గుర్తొచ్చింది. చింతపండు నానబెట్టి, తోటమాలి పొయ్యిలోంచి బూడిద తెచ్చి, పెరట్లో బోరు దగ్గర కూర్చుని గంటసేపు తోమాను. నిజం చెప్పాలంటే, ఆ గంట కూర్చున్నందుకే నాకు ప్రాణం లేచొచ్చింది. స్టాండు తళతళలాడింది.

తెల్లారి సారు దాన్ని చూసి తల పట్టుకున్నాడు. "ఏం జేసినవమ్మా! నూరేండ్ల నలుపది. గా నలుపుకే దానికి ఇజ్జత్!"

"నలుపుకు ఇజ్జతేంది సారు? మా ఇండ్లల్ల గిట్లుంటే కోడండ్లను తిడ్తరు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. పని పోలేదు గానీ, ఇక కుర్చీ మాట ఎత్తే ముఖం లేకుండా పోయింది.

పాత వెండిని బాగుచేసే అమ్మాయి ఒకతె పట్నం నుంచి వచ్చింది. చేతులకు తొడుగులు, వెంట డబ్బాల్లో కొన్న నీళ్లు.

"ఏ నీళ్లతో కడిగారమ్మా?" అని అడిగింది.

"పెరట్ల బోరునీళ్లు, బిడ్డా."

"అయ్యో, ఆ నీళ్లు దీనికి పడవు. మచ్చలొస్తాయి."

ముందు నవ్వొచ్చింది, తర్వాత కడుపు మండింది. మాకు పడ్డాయా? ఎవరైనా డబ్బాల్లో తెచ్చారా? అయినా ఆ పిల్లనంటే ఏం లాభం?

ఆమె తీసుకుపోయిన స్టాండు రెండు నెలలకు తిరిగొచ్చింది, వెంట ఒక ఉత్తరం. సారు దాన్ని నా గదిలోనే నిలబడి పైకి చదివాడు. పాదాల దగ్గర పాత పగులుందట. నా తోముడు వల్ల కాదట, ఏళ్ల తరబడి బరువు మోసి వచ్చిందట. ఇకమీదట నిలబెట్టకూడదు, మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి ఉంచాలి. సారు ఆ రోజే దూది, మఖ్మల్ గుడ్డ తెప్పించి, గాజు బీరువాలో దాన్ని పసిపిల్లను పండబెట్టినట్టు పండబెట్టాడు.

"పాపం, ఎన్నేండ్ల సంది నిలబడ్డదో" అన్నాడు.

నేను ఆయనకు రెండడుగుల దూరంలో, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాను. నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. బీరువాకు తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

చెక్కపీట ఖాళీగా మిగిలింది. దాన్ని కిటికీ దగ్గరికి జరిపి కూర్చున్నాను. ఏడుపొచ్చింది. బాధతో కాదు, కోపంతో. సాయంత్రం గదికి తాళం వేయడానికి వచ్చిన సారు గుమ్మంలోనే ఆగాడు.

"అది సామాను పెట్టే పీటమ్మా."

"ఎర్కే సారు. నన్ను గూడ సామాను లెక్కలనే ఏసుకోండ్రి" అన్నాను. లేవలేదు.